పన్నెండు మంది పేర్లు కొట్టేయమన్నారు

2023 జూన్ 22 రాత్రి బ్రెజిల్‌లోని రియో ది జనీరో నగరంలో, సావో జనువారియో మైదానంలో, వాస్కో ద గామా ఫుట్‌బాల్ జట్టు గోయాస్ జట్టు చేతిలో 0-1తో ఓడింది. వరస ఓటములతో విసిగిపోయిన అభిమానులు మైదానంలోకి బాణసంచా విసిరారు. బయట పోలీసులతో గొడవైంది. ఆ తర్వాత మైదానంలోకి ప్రేక్షకులను రానివ్వకూడదని ఆదేశాలొచ్చాయి. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. గొడవ జరిగితే శిక్ష పడటం ఎక్కడైనా ఉన్నదే. కానీ మూసివేతను సమర్థించిన కోర్టు నివేదికలో ఆ రాత్రి గొడవతో సంబంధం లేని మాటలు కూడా చేరాయి. మైదానాన్ని ఆనుకుని బరేరా దో వాస్కో అనే ఫవేలా ఉందట. అక్కడి నుంచి తుపాకుల చప్పుళ్లు వినిపిస్తుంటాయట. చుట్టుపక్కల సందులు ఇరుకట.

ఫవేలా అనే మాటకు ఇంగ్లిష్ పేపర్లు 'స్లమ్' అని రాసి చేతులు దులుపుకుంటాయి. 'వాడ' అంటే మనకు ఇంకా బాగా అర్థమవుతుంది. 1888 మే 13న బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది. భూమి ఇవ్వలేదు, ఇల్లు ఇవ్వలేదు. అలా వదిలేసిన నల్లజాతి జనం, పల్లెల నుంచి వలసొచ్చిన పేదలు కొండల మీదా నగరం అంచుల్లోనూ వేసుకున్న ఇళ్లే ఫవేలాలు. మ్యాచ్ ఉన్న రోజు బరేరా వాళ్లు తిండీ బీరూ అమ్ముకుని నాలుగు డబ్బులు చూస్తారు. మైదానం మూస్తే ముందు దెబ్బతినేది ఆ చిన్న కొట్లే. సుమారు మూడు నెలలు ప్రేక్షకులు లేరు. ఇది వివక్ష అని అటు క్లబ్బు, ఇటు వాడ కలిసి నిరసన తెలిపాయి.

ఆ మాట వాళ్ల నోట అంత వెంటనే ఎందుకు వచ్చిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. 1924లో కూడా ఈ క్లబ్బుకు 'మీకు సరైన మైదానం లేదు' అని చెప్పారు. దానితో పాటు మరో మాట కూడా చెప్పారు: పన్నెండు మంది ఆటగాళ్ల పేర్లు కొట్టేయండి.

ముందు క్లబ్బు పేరు సంగతి. అవును, ఆ వాస్కో ద గామానే. 1498లో కోళికోడ్ తీరానికి వచ్చినవాడు, 1502లో హజ్ యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించినవాడు. ఆయన సముద్రయానానికి నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1898 ఆగస్టు 21న రియోలోని పోర్చుగీసు వలసదారులు పడవ పందేల కోసం పెట్టుకున్న క్లబ్బు ఇది. వలసదొర పేరు మోసే క్లబ్బు గురించి దళిత పాఠకులకు ఎందుకు చెప్తున్నారని మమ్మల్ని అడగొచ్చు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ 1904లోనే ఈ క్లబ్బు కాందిదో జోసె ద అరౌజో అనే తెల్లవాడు కాని మనిషిని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. రియోలోని పెద్ద క్లబ్బుల్లో ఆ రోజుల్లో అది ఊహకు అందని పని.

ఫుట్‌బాల్ అప్పటికి బ్రెజిల్‌లో దొరల ఆట. ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చిన పిల్లలు, కాఫీ తోటల యజమానుల పిల్లలు, డాక్టర్లు, లాయర్లు ఆడేవారు. 1907లో రియో లీగు దాపరికం లేకుండా ఒక నియమం పెట్టింది: రంగు మనుషులను ఆటగాళ్లుగా నమోదు చేసుకోం. నగర శివార్లలో బట్టల మిల్లు కార్మికులను ఆడించే బంగు క్లబ్బు దానికి ఒప్పుకోక లీగు నుంచి బయటికి వచ్చేసింది. ఈ 1907 నియమాన్ని గుర్తుపెట్టుకోండి. అందులో రంగు అనే మాట ఉంది. చదివినవాడెవడైనా అది అన్యాయమని వేలెత్తి చూపగలడు.

వాస్కో ఫుట్‌బాల్‌లోకి ఆలస్యంగా, 1915 ప్రాంతంలో వచ్చింది. కింది డివిజన్లలో ఆడుతూ, శివారు జట్లలో బాగా ఆడేవాళ్లను ఏరుకుంది. రంగు చూడలేదు, చదువు చూడలేదు. 1922లో రెండో డివిజన్ గెలిచి పైకొచ్చింది. 1923లో మొదటి డివిజన్‌లో అడుగుపెట్టిన ఏడాదే చాంపియన్ అయింది. గోల్‌కీపర్ నెల్సన్ ద కొన్సెయిసావ్ టాక్సీ డ్రైవరు. సెసీ గోడలకు రంగులేసే పనివాడు. నికొలీనో ఓడరేవులో మూటలు మోసే హమాలీ. బొలావ్ లారీ డ్రైవరు. ఉరుగ్వే నుంచి వచ్చిన కోచ్ ప్లతెరో వాళ్లను రోజంతా పరుగెత్తించేవాడు. మొదటి సగంలో వెనకబడ్డా, రెండో సగంలో అవతలి క్లబ్బుల బాబులు రొప్పుతుంటే వీళ్లు గోల్స్ కొట్టేవాళ్లు. మెరిట్ అంటే ఏమిటో పచ్చగడ్డి మీద తేలిపోయింది.

తేలిపోయాక ఏం జరుగుతుంది? మనకు తెలిసిందే జరిగింది. 1924 మార్చిలో ఫ్లుమినెన్సె, ఫ్లమెంగో, బొటాఫోగో, అమెరికా క్లబ్బులు పాత లీగును వదిలేసి కొత్త లీగు పెట్టుకున్నాయి. బంగును కూడా కలుపుకున్నాయి. అధ్యక్షుడు ఫ్లుమినెన్సెకు చెందిన అర్నాల్దో గింలె, దేశంలోని అతి సంపన్న కుటుంబాల్లో ఒకదాని వాడు. ఈసారి నియమాల్లో రంగు అనే మాట ఎక్కడా లేదు. ఆటగాడికి గౌరవప్రదమైన వృత్తి ఉండాలి. చదవడం, రాయడం రావాలి. ఆటకు డబ్బు తీసుకోకూడదు. క్లబ్బుకు తగిన మైదానం ఉండాలి. ఆటగాళ్ల బతుకుదెరువు మీద కమిటీ విచారణ చేస్తుంది. ఆ విచారణలో వాస్కో ఆటగాళ్లు పన్నెండు మంది పనికిరారని తేలిందట. ఆ పన్నెండు మందిలో నల్లవాళ్లు, మిశ్రమజాతి వాళ్లు, వాళ్లతో పాటు పేద తెల్లవాళ్లూ ఉన్నారు.

ఒక్కో నియమాన్నీ విడిగా చూస్తే ఎంత సభ్యంగా ఉందో! చదువు రావాలంటే తప్పేముంది? ఆటను వ్యాపారం చేయకూడదంటే ఎవరు కాదంటారు? అన్నింటినీ కలిపి, బానిసత్వం పోయి ముప్పై ఆరేళ్లే అయిన దేశంలో పెట్టి చూస్తే ఆ వల ఎవరి కోసం అల్లారో కనబడుతుంది. డబ్బు తీసుకోకుండా ఆడమనడం అంటే పని చేయకుండా తిండి దొరికేవాళ్లే ఆడండి అని చెప్పడం. లారీ తోలేవాడు సాధనకు వస్తే ఆ పూట కూలి పోతుంది.

వాస్కో దీన్ని ఎలా ఎదుర్కొందో మారియో ఫిల్యో అనే జర్నలిస్టు 1947లో, బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో నల్లజాతి వారిపై రాసిన పుస్తకంలో వివరంగా చెప్పాడు. మ్యాచ్‌కు ముందు కాగితం మీద సంతకం చేయాలి కాబట్టి ఆటగాళ్లకు అక్షరాలు నేర్పించారు. పోర్చుగీసు వర్తకులు తమ కొట్లలో వాళ్లను ఉద్యోగులుగా పుస్తకాల్లో రాసుకున్నారు. గెలిచిన రోజు చేతిలో కొంత డబ్బు పెట్టేవారు. వీధి లాటరీలోని జంతువుల పేర్లతో ఆ మొత్తాలను పిలిచేవారు. గెలిస్తే ఇచ్చే బోనస్‌ను బ్రెజిల్ ఆటగాళ్లు ఇప్పటికీ 'బిషో' అంటారు, అంటే జంతువు.

1924 ఏప్రిల్ 7న వాస్కో అధ్యక్షుడు జోసె అగుస్తో ప్రెస్టెస్ గింలెకు ఉత్తరం రాశాడు. చిన్న ఉత్తరమే. కొత్త లీగులో స్థాపక క్లబ్బులకే పెద్ద పీట వేశారని, ఆటగాళ్ల మీద విచారణ జరిపిన చోట తమ తరఫున మాట్లాడే మనిషిగానీ, వాదన వినిపించే అవకాశంగానీ లేవని చెప్పాడు. ఈ పన్నెండు మంది జీవితం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన కుర్రాళ్లని, వాళ్లకు మచ్చ తెచ్చే పనికి వాళ్లు గెలిపించిన క్లబ్బు ఒప్పుకోదని అన్నాడు. మీ లీగులో చేరడం లేదని ముగించాడు. ఆ ఏడాది పెద్ద క్లబ్బులు లేని పాత లీగులోనే ఆడి మళ్లీ గెలిచారు. బ్రెజిల్‌లో దీన్ని 'చారిత్రక జవాబు' అంటారు.

ఈ ఉత్తరంలో కూడా రంగు అనే మాట లేదు. దాన్ని పట్టుకుని కొందరు చరిత్రకారులు, గొడవ డబ్బులిచ్చి ఆడించడం గురించే తప్ప జాతి గురించి కాదంటారు. వాళ్ల వాదనలో కొంత నిజముంది. వాస్కో పెద్దలు వర్తకులు, వాళ్లకు గెలుపు కావాలి. పోర్చుగీసు వలసదారులంటే రియో కులీనులకు ఉన్న చిన్నచూపు కూడా కారణమే. కానీ 1907లో ఆ మాట నియమంలోనే ఉందని మరిచిపోతే ఎలా? అప్పుడు రాసింది, 1924 నాటికి రాయాల్సిన అవసరం లేకుండా పోయింది. మా దృష్టిలో ఈ కథలో అసలు నేర్చుకోవాల్సింది ఉత్తరం కంటే ఈ పదిహేడేళ్ల మార్పే.

మన విశ్వవిద్యాలయాల్లో రిజర్వుడు అధ్యాపక పోస్టుల ఫైళ్ల మీద 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని రాస్తారు. తగినవాళ్లు దొరకలేదని అర్థం. ఏ కులం వాళ్లు తగరో అందులో ఉండదు. 2024 జనవరిలో యూజీసీ ముసాయిదా మార్గదర్శకాలు బయటికి వచ్చి, అలా మిగిలిపోయిన పోస్టులను అన్‌రిజర్వుడ్ చేసే దారి చూపాయి. గొడవయ్యాక అలాంటిదేమీ ఉండదని వివరణ ఇచ్చారు. ముసాయిదా ఆగింది గానీ, ఆ మూడు మాటలు ఆగలేదు. ఇంటర్వ్యూ గదిలో మూడు నిమిషాలు కూర్చుని బయటికి వచ్చిన మాలాంటి వాళ్లకు గింలె కమిటీ విచారణ ఎలా జరిగి ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే వాస్కో కథను అలాగే నెత్తికెత్తుకోవడానికి మాకు ఒక అడ్డంకి ఉంది. ఉత్తరం కింద ఉన్నది అధ్యక్షుడి సంతకం. సంతకం పెట్టడం కోసమే అక్షరాలు నేర్చుకున్న ఆటగాళ్ల సంతకం అందులో లేదు. నూరేళ్లుగా ఊరేగుతున్న పేరు ప్రెస్టెస్‌ది. పన్నెండు మందినీ వరసగా చెప్పమంటే అభిమానులే తడబడతారు.

దీని పక్కన మన దేశపు ఉదాహరణ ఒకటి పెట్టి చూడాలి. బొంబాయి క్రికెట్‌లో పల్వంకర్ బాలూ, చర్మకార కులం నుంచి వచ్చిన గొప్ప బౌలరు. 1911లో ఇంగ్లండ్ వెళ్లి వికెట్లు కుప్పలు పోశాడు. అయినా హిందూ జట్టు ఆయన్ను కెప్టెన్ చేయలేదు. 1920లో కెప్టెన్సీ మళ్లీ బ్రాహ్మణ ఆటగాడికే ఇచ్చినప్పుడు ఆయన తమ్ముళ్లు విఠల్, శివరామ్ జట్టు నుంచి తప్పుకుని, ఎందుకు తప్పుకున్నారో పత్రికాముఖంగా చెప్పారు. ఎవరో పెద్దమనిషి వాళ్ల తరఫున ఉత్తరం రాయలేదు. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు, జట్టు బొంబాయి క్వాడ్రాంగులర్ గెలిచింది. సరిగ్గా అదే ఏడాది వాస్కో చాంపియన్ అయింది. ఈ రెండు కథల్లో ప్రపంచం ఎక్కువగా చెప్పుకునేది రియోదే. యజమాని దయ చూపిన కథను చెప్పుకోవడం అందరికీ సుఖంగా ఉంటుంది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్తాం. 1925లో కొత్త లీగు దిగివచ్చి వాస్కోను ఆటగాళ్లతో సహా చేర్చుకుంది. ఆ జట్టు ఆడితేనే జనం వస్తారు, టికెట్లు అమ్ముడవుతాయి. మైదానం లేదన్న మాటకు జవాబుగా అభిమానులు చందాలేసుకుని సావో జనువారియో కట్టారు. 1927 ఏప్రిల్ 21న తెరిచారు. మొదటి మ్యాచ్‌లో శాంతోస్ చేతిలో 3-5తో ఓడిపోయారు, అది వేరే విషయం. 1933లో డబ్బులిచ్చి ఆడించడం చట్టబద్ధమైంది.

అంతమాత్రాన ఆటగాళ్ల బతుకులు మారిపోలేదు. వాస్కో నుంచి బార్సిలోనా దాకా వెళ్లిన ఫౌస్తో 1939లో క్షయతో చనిపోయాడు. 1950 ప్రపంచకప్ చివరి మ్యాచ్‌లో, జూలై 16న, మరకానా మైదానంలో ఉరుగ్వే చేతిలో 1-2తో ఓడినప్పుడు బ్రెజిల్ గోల్‌కీపర్ వాస్కో ఆటగాడు మొఆసిర్ బర్బోసా. నల్లవాడు. నింద మొత్తం ఆయన మీద పడింది. 1993లో జాతీయ జట్టు శిబిరానికి పలకరించడానికి వెళ్తే అపశకునమని లోపలికి రానివ్వలేదు. బ్రెజిల్‌లో గరిష్ఠ శిక్ష ముప్పై ఏళ్లే అయితే తాను యాభై ఏళ్లు అనుభవించానని ఆయన అనేవాడు. ఆ తర్వాత ప్రపంచకప్‌లో మొదటి ఎంపిక గోల్‌కీపర్‌గా ఒక నల్లజాతి ఆటగాడు నిలబడింది 2006లో, దీదా.

2022లో క్లబ్బు ఫుట్‌బాల్ కంపెనీలో 70 శాతం వాటాను 777 పార్ట్‌నర్స్ అనే అమెరికా సంస్థకు అమ్మారు. ఉత్తరానికి నూరేళ్లు నిండిన 2024లోనే, మే నెలలో, కోర్టు ఆ సంస్థ అధికారాన్ని నిలిపివేసి నిర్వహణను క్లబ్బు చేతికి తిరిగి ఇచ్చింది. వాస్కో జట్టు ఇప్పుడు సాధన చేసే కేంద్రానికి బర్బోసా పేరు పెట్టారు. ఆయన చనిపోయింది 2000 ఏప్రిల్ 7న. ఉత్తరం మీద ఉన్న తేదీ కూడా ఏప్రిల్ 7.