మైకు అక్కర్లేని లైబ్రరీ

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఎక్కడైనా తంతు ఒకటే. పటానికి దండ, దీపం, ముఖ్య అతిథి ప్రసంగం, పిల్లలకు వ్యాసరచన పోటీ, గ్రూప్ ఫొటో. 21న తలుపు తీస్తే మళ్ళీ పాత మొహాలే, పాత పేపర్లే. కొత్తగా ఉద్యోగంలో చేరిన లైబ్రేరియన్‌కి మొదటివారంలోనే వినిపించే మాట, ‘ఏదైనా ఒక ప్రోగ్రాం పెట్టు’. ఆ కుర్రాడో అమ్మాయో వెంటనే మైకుసెట్టు అద్దెకిచ్చేవాడి నంబరు వెతుక్కుంటారు. లైబ్రరీ ప్రోగ్రాం అంటే సభ అనుకోవడంతోనే వ్యవహారం చెడుతోంది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ సెక్టర్ 4నే తీసుకుందాం. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన ఊరు ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అప్పట్లో రైలెక్కి వచ్చినవాళ్ళ మనవలు ఇప్పుడిక్కడ బడికెళ్తున్నారు. ఇంట్లో తాతయ్యతో తెలుగు గలగలా మాట్లాడతారు. చదవడం మాత్రం హిందీ, ఇంగ్లీషు. ఇలాంటిచోట లైబ్రేరియన్‌గా చేరేవాళ్ళు కేటలాగు కన్నా ముందు చూడాల్సింది షిఫ్టుల పట్టిక.

ప్లాంటు ఊళ్ళో రోజు మూడు ముక్కలు. ఫస్ట్ షిఫ్టు పొద్దున్న 6కి, సెకండ్ మధ్యాహ్నం 2కి, నైట్ రాత్రి 10కి. ‘అందరికీ వీలుగా’ సాయంత్రం 5 గంటలకి సభ పెడితే సెకండ్ షిఫ్టు మనిషి ప్లాంటులో ఉంటాడు, నైట్ దిగి వచ్చినవాడికి నిద్ర ఇంకా తీరదు. వచ్చేది రిటైరైన పెద్దలూ, బడివాళ్ళు బలవంతాన తోలిన పిల్లలూ. అదే కార్యక్రమం ఒకరోజు పొద్దున్న పదిన్నరకి, మరోరోజు సాయంత్రం పెడితే ఖర్చేమీ పెరగదు. ఈ చిన్న సంగతి ఏ లైబ్రరీ సైన్స్ కోర్సులోనూ గట్టిగా చెప్పరు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాలు మాత్రం ప్రతివాళ్ళకీ కంఠతా వచ్చు, ఇంటర్వ్యూలో అడుగుతారు కాబట్టి.

పాఠకుడి వేళకీ దారికీ లైబ్రరీయే వంగాలన్నది మనవాళ్ళకి కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య తరం పుస్తకాలు పోగేసి ఊరుకోలేదు. చదువు రానివాళ్ళకి చదివి వినిపించడం, రాత్రిబడులు నడపడం కూడా లైబ్రరీ పనుల్లోనే జమ కట్టింది. అదే ఉద్యమంలోని పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పుస్తకాలని ఏకంగా పడవెక్కించారు. జనం ప్రయాణం పడవల మీద కాబట్టి పుస్తకమూ పడవ మీదే. అంతకుమించిన సిద్ధాంతం అందులో లేదు.

సెక్టర్ 4లో ఆ పడవకి సాటివచ్చేది ఏమిటి? నా ఓటు సోవియట్ బొమ్మల పుస్తకాలకి. మాస్కో ప్రచురణాలయాలు ఒకే పిల్లల పుస్తకాన్ని అవే బొమ్మలతో హిందీలోనూ, తెలుగులోనూ అచ్చువేసేవి. తెలుగువి విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో కారుచవగ్గా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావులాంటివాళ్ళు మాస్కోలో కూర్చుని అనువాదాలు చేశారు. సోవియట్ ఇంజనీర్లు నిలబెట్టడానికి సాయపడ్డ ఊళ్ళో ఈ పుస్తకాల కోసం వెతకడం సహజం. భాషల వారీగా సర్దిన లైబ్రరీలో హిందీ ప్రతి ఒక బీరువాలో, తెలుగు ప్రతి ఇంకో బీరువాలో ఉండిపోతాయి. రెంటినీ తెచ్చి ఒకే బల్ల మీద, ఒకే పేజీ దగ్గర తెరిచి పెట్టాలి. తాతయ్య తెలుగులో ఒక పేరా చదువుతాడు, మనవరాలు అదే పేరా హిందీలో అందుకుంటుంది. ఎలుగుబంటి బొమ్మ ఇద్దరికీ ఒకటే. మూడో పేజీకొచ్చేసరికి ‘ఇదేం అక్షరం తాతా?’ అని అడగని పిల్లలుండరు. ఓనమాల క్లాసు పెడితే రాని పిల్ల దీనికి వస్తుంది. అసలు తెలుగు బొత్తిగా రాని పక్క క్వార్టర్ పిల్లాడు కూడా కూర్చోవచ్చు, హిందీ సగం వాడిదే కదా.

పుస్తకాలు ఎక్కడివంటారా? ప్లాంటులో రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. సామాను సర్దేటప్పుడు ముందుగా కబాడీవాడి తక్కెడెక్కేది పుస్తకాలే. ఆ నెలలో ఎవరు రిటైరవుతున్నారో కనుక్కుని, పదిరోజుల ముందు వాళ్ళింటికి వెళ్ళి ‘అన్నయ్యగారూ, పుస్తకాలుంటే మాకివ్వండి’ అని అడగడం కూడా కార్యక్రమమే. బడిపంతులుగా పనిచేసిన కథకుడు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, తెలుగు కథలని ఇలాగే ఇళ్ళనుంచీ పాతపత్రికల కట్టలనుంచీ పోగుచేశారు. భిలాయ్ తెలుగువాళ్ళలో చాలామందికి అది సొంత జిల్లా సంగతి.

పుస్తకాలతోపాటు ఆ రిటైరయ్యే మనిషిని కూడా అడగాలి. డెన్మార్క్‌లో 2000లో ‘హ్యూమన్ లైబ్రరీ’ అని మొదలుపెట్టారు. పుస్తకానికి బదులు ఒక మనిషిని అరగంటసేపు ‘ఇష్యూ’ చేస్తారు, పాఠకుడు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతాడు. భారతీయ రైల్వేకి పట్టాలిచ్చే ఊళ్ళో రైల్‌మిల్లులో ముప్ఫయ్యేళ్ళు చేసినాయన కన్నా మంచి పుస్తకం దొరుకుతుందా? 260 మీటర్ల పట్టా ఎలా తయారవుతుందో, ఎలా బయటికి తోలతారో ఆయన చెప్తుంటే ఇంజనీరింగు కుర్రాళ్ళు కూడా నోరెళ్ళబెడతారు. ఆయన లేచాక పక్కనే ఉక్కు తయారీ మీద నాలుగు పుస్తకాలుండాలి. అవి లేకపోతే అది కాలక్షేపం కబురు, అంతే.

ఇక్కడి నేలనీ వదలకూడదు. పండవానీ గాయని తీజన్ బాయి భిలాయ్ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసినావిడ. 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆవిడ చేతిలో తంబూరా పట్టి, నిలబడి భారతం చెప్పే తీరు బుర్రకథ ఎరిగిన మనవాళ్ళకి పరాయిగా అనిపించదు. రెంటి రికార్డింగులూ పక్కపక్కన వినిపించి, భారతం పుస్తకాలు మూడు భాషల్లో పరిచిపెడితే చాలు. తెలుగు సంఘం సభకి ఛత్తీస్‌గఢీ ఇరుగుపొరుగు రారు, దీనికొస్తారు.

పోటీ పరీక్షల పిల్లల గురించి ఒక మాట. సొంత పుస్తకాలు తెచ్చుకుని పొద్దుటినుంచీ కుర్చీలు పట్టుకుంటారని వాళ్ళమీద చాలామంది లైబ్రేరియన్లకి చిరాకు. రాయ్‌పూర్‌లో నలంద పరిసర్ లైబ్రరీ రాత్రింబవళ్ళు నడుస్తున్నదంటే అది ఇలాంటివాళ్ళ పుణ్యమే. వాళ్ళని తరిమేసి కథల సభలు పెట్టుకోవడం తెలివితక్కువ. కావాల్సింది వేరే గది, లేదా వేరే వేళ.

లైబ్రేరియన్ ఒక్కడే, అటెండరు సెలవులో, యాక్సెషన్ రిజిస్టరే పూర్తికాలేదు, ఇవన్నీ ఎప్పుడు చేస్తాడని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుకే హాలూ, మైకూ, అతిథీ అవసరమైన ప్రోగ్రాములు మానెయ్యమంటున్నాను. ఒక బల్ల, నాలుగు కుర్చీలతో అయ్యేవి నెలకి రెండు చాలు. వీటిని చూసే పద్ధతి పైఅధికారులూ మార్చుకోవాలి. నెలాఖరు నివేదికలో ఫొటోలు అడగడం మాని, ఆ బల్ల మీద పెట్టిన పుస్తకాల్లో తర్వాతి పదిహేను రోజుల్లో ఎన్ని ఇష్యూ అయ్యాయో అడగాలి. ఒక్కటీ కదలకపోతే వచ్చేనెల ముందు వేళ మార్చి చూడమనాలి, తర్వాత పుస్తకాలు మార్చమనాలి. అప్పటికీ జనం రాకపోతే ఆ ప్రోగ్రాం ఆపేసే అధికారం లైబ్రేరియన్‌కే వదిలెయ్యాలి, సంజాయిషీ అడక్కుండా.