బొమ్మకూ బరువుంటుంది



మైపాడు దగ్గరి పల్లెనుంచి ఏడో తరగతి పిల్లవాడొకడు నాకు ఉత్తరం రాశాడు. "మాస్టారూ! నాకు మనుషుల బొమ్మలు వేయటమంటే ఇష్టం. కాని మా ఊళ్ళో వేయదగినది ఏమున్నది? సముద్రం, ఇసుక, వలలు, అంతే. గొప్ప చిత్రకారులు దేశాలు తిరిగారట గదా! నేనెప్పుడు తిరిగేది?" అని వాడి బాధ.

వాడు చెప్పినదాంట్లో సగం నిజమే. ఆ సగం ఏదో తెలుసుకోవాలంటే దామెర్ల రామారావుగారి సంగతి మీకు చెప్పాలి.

ఆయన 1897లో రాజమండ్రిలో పుట్టారు. చిన్ననాటినుంచీ బొమ్మల పిచ్చి. ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయనా చిత్రకారుడే, రచయిత కూడాను. ఈ కుర్రవాడి గీతలు ఆయన కంటపడ్డాయి. "ముందు చదువుకో, బొమ్మల సంగతి తరవాత" అని ఆయన అనలేదు. తన శిష్యులను వెంటబెట్టుకొని అజంతా గుహలకు తీసుకుపోయారు. తరవాత రామారావును బొంబాయి జే. జే. చిత్రకళాశాలలో చేరేటట్టు చేశారు. అది 1916. మన అడివి బాపిరాజుగారు కూడా ఈ దొరగారి శిష్యులే. హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి గనుక చెబుతున్నాను, ఈ కథలో నాకు కూల్డ్రేగారంటేనే కాస్త ఎక్కువ ఇష్టం.

అజంతాలో ఏమున్నది? వాఘోరా అనే ఏరు గుర్రపునాడాలాగా వంపు తిరిగినచోట, కొండను తొలిచి చేసిన గుహలు సుమారు 30 ఉన్నాయి. కొన్ని క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం నాటివి, కొన్ని క్రీస్తు శకం 5వ శతాబ్దం నాటివి. వాటిని అడవి కమ్మేసింది. 1819లో వేటకు వచ్చిన జాన్ స్మిత్ అనే సైనికాధికారి కంట అవి మళ్ళీ పడ్డాయి. గరుకురాతిమీద ఊక, గడ్డి కలిపిన మట్టి మెత్తి, దానిమీద పలచగా సున్నం పూసి, ఆరిన తరవాత రంగులు వేశారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ నేలలో దొరికే మట్టిరంగులే. నలుపు దీపపు మసి. తెలుపు సున్నం. ఒక్క నీలం మాత్రం చుట్టుపక్కల దొరికేది కాదు. రాజావర్తం అనే నీలిరాయి ఆఫ్గనిస్తాన్ కొండలనుంచి వచ్చేది. దాన్ని నూరి రంగు చేసేవారు. చూశారా, బొమ్మలు వేసినవాడు ఆ కొండల దాకా పోకపోయినా అతని నీలిరంగు మాత్రం ఎంత దూరం నడిచి వచ్చిందో!

రంగుల సంగతి అలా ఉంచండి. అక్కడి మనుషులను చూడాలి. ఒక్కరైనా కొయ్యలాగా బిగుసుకొని నిలబడరు. ఎందుకంటారా? మీరే ఒక పని చేయండి. నిలువుటద్దం ముందు నిలబడి, బరువంతా కుడికాలిమీద వేసి, ఎడమ మోకాలు సడలించండి. కుడి నడుము పైకి లేచిందా? ఇప్పుడు భుజాలు చూడండి. కుడి భుజం కొంచెం కిందికి దిగివుంటుంది. శరీరం తూలి పడకుండా తన బరువును తానే ఇలా సర్దుకుంటుంది. మన బరువంతా పోగుపడినట్టుగా ఉండే చోటును సైన్సులో గరిమనాభి అంటారు. అది పాదాలు మోపిన చోటుకు సరిగ్గా పైన ఉన్నంతసేపూ మనం పడము. అజంతా చిత్రకారుల చేతికి ఆ కీలు తెలుసు. దాన్నే మన శిల్పులు త్రిభంగి అన్నారు. తల ఒక వంపు, నడుము ఒక వంపు, మోకాలు ఒక వంపు.

అటువంటి బొమ్మలు చూసివచ్చిన కుర్రవాడికి గోదావరి రేవులో బిందె చంకనబెట్టుకొని మెట్లెక్కే ఆడవాళ్ళు కొత్తగా కనిపించరూ? పుట్టినది మొదలు చూస్తున్నవాళ్ళే! బిందె ఎడమచంకన ఉంటే నడుము ఎడమకు పొంగుతుంది, మెడా భుజాలూ కుడికి వాలతాయి. ప్రయాణంవల్ల ఆయనకు కలిగిన లాభం ఇదేనని నేననుకుంటాను. కొత్త ఊరి బొమ్మలు తెచ్చుకోవటం అంత గొప్ప లాభం కాదు. (కాలెండరు చూసి తాజమహలు దించే పిల్లలు నా బళ్ళోనూ ఉండేవారు. వాళ్ళను తిట్టలేదుగాని, మెచ్చుకోనూ లేదు.)

బొంబాయిలో ఎదురుగా మనిషిని నిలబెట్టి గీయటం నేర్చుకున్నారు. గుజరాతు వైపు కాఠియావాడులో తిరిగి, అక్కడి పాలమ్మే స్త్రీలను చిత్రించారు. ఎక్కడికి పోయినా పెన్సిలూ చిన్న నోటుబుక్కూ వెంట ఉండవలసిందే. ఆ తరవాత బొంబాయిలోనే ఉండిపోకుండా రాజమండ్రికి వచ్చేశారు. మిత్రుడు వరదా వెంకటరత్నంగారితో కలిసి చిత్రకళాశాల నడిపారు. భార్య సత్యవాణిగారు కూడా చిత్రకారిణి అయినారు. 'పుష్పాలంకారం', 'నందిపూజ', 'సిద్ధార్థ రాగోదయం' వంటి చిత్రాలన్నీ ఆ కొద్ది ఏళ్ళలో తయారైనవే.

కొద్ది ఏళ్ళని ఎందుకన్నానంటే, 1925 ఫిబ్రవరిలో ఆయనకు మశూచికం సోకింది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. మశూచికం ఎలా ఉంటుందో మీకు తెలియదు, మీ అమ్మానాన్నలకూ తెలియదు. టీకాలవల్ల భూమిమీదే లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించింది. ఆ రోగానికి మందులేని కాలంలో ఎందరు చేయి తిరిగినవాళ్ళు పోయారో! రామారావుగారి చిత్రాలు మాత్రం రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఉన్నాయి. ఆ వైపు పోయినప్పుడు రేవు చూసి తిరిగి రాకుండా అక్కడికీ పోండి.

ఇక మా మైపాడు చిరంజీవికి జవాబు. అబ్బాయీ! పెద్దవాడివైన తరవాత తప్పక తిరుగు. అజంతాకు పో. వద్దనే హక్కు ఎవరికీ లేదు. ఈలోగా రేపు తెల్లవారుజామున లేచి, వల లాగేచోటికి వెళ్ళు. పాతిక ముప్ఫయిమంది ఒకే తాడు పట్టుకొని లాగుతుంటారు. రంగులు తీసుకుపోకు, పెన్సిలు చాలు. ఒక్క మనిషిని ఎంచుకొని పది లెక్కపెట్టేదాకా చూడు. తరవాత కళ్ళు మూసుకొని, అతని వెన్ను ఏ వైపు వాలిందో గుర్తు తెచ్చుకొని ఒక్క గీత గీయి. ముఖం, మీసం, తలగుడ్డ తరవాత చూసుకోవచ్చు. అలాంటి గీతలు ఇరవై వేసి నాకు పంపు. లాగేవాడు వెనక్కు ఎంత వాలినా ఎందుకు పడిపోడో వచ్చే నెల చెబుతాను. నువ్వు ముందే కనిపెట్టాలంటే, అతని మడమ ఇసుకలో ఎంత లోతు దిగిందో చూడు.