పీటకు పేరడిగినవాడు

నా యొద్ద చదువుకొని విదేశమునకు వెళ్లిన యొక విద్యార్థి మొన్న జాబు వ్రాసినాడు. ఉద్యోగము కుదిరినది, ఇల్లు కుదిరినది, ఆవకాయకు లోటు లేదు, ఉగాదినాడు తెలుగువారందరును ఒకచోట చేరుచున్నారు. ఇవన్నియు వ్రాసి, చివర నొక వాక్యము చేర్చినాడు. మూడేండ్లయినను ఆ యూరివారిలో తన యింటికి వచ్చి కూర్చున్న మనిషి యొక్కడును లేడట.

పరదేశమున స్థిరపడుట యనగా మనము జీతమును, ఇంటిని, అనుమతి పత్రములను చూచి చెప్పుదుము. భాష వచ్చిన చాలునని కొందరందురు. ఈ విద్యార్థికి అక్కడి భాష చక్కగా వచ్చును. అది చాలలేదు. ఆ దేశపు సామాన్యులు చేతులతో చేసి, నిత్యము వాడుకొను వస్తువులను గూర్చి వారి యొద్దనే కూర్చుండి తెలిసికొన్ననాడుగాని పరదేశికి అక్కడ కాలు నిలువదని నా యభిప్రాయము. అసకవా తకుమి యను జపానీయుని కథ చదివిన పిమ్మట ఈ యభిప్రాయము నాలో గట్టిపడినది.

జపాను 1910లో కొరియాను తనలో కలుపుకొన్నది. తకుమి అన్నగారు నొరితక 1913లో బడిపంతులుగా సియోలు చేరెను. మరుసటి యేడు తమ్ముడును వెళ్లి, అటవీ పరిశోధన కొలువులో కుదిరెను. చెట్లు నరికి బోడివైన కొండలపై మొక్కలు పెంచుట ఆతని పని. పాలకజాతివాడయ్యు పాలితుల భాష నేర్చెను. వారి తెల్లని దుస్తులు ధరించెను. వారి వంటి యింట కాపురముండెను. ఒకనాడు ట్రాములో నొక జపానీయుడు ఆతనిని కొరియావాడనుకొని, లేచి చోటిమ్మని గద్దింపగా, మారుమాటాడక లేచెనని చెప్పుకొందురు. తాను జపానీయుడనని ఒక్క మాట యన్నచో ఆ గద్దించినవాడే సిగ్గుపడియుండును. ఆ మాట ఆతడనలేదు.

సెలవు దినములలో సంతలు తిరిగెను. అన్నతో గూడి పాత ఆవపు తావులు వెదకెను. కొరియావారి యిండ్లలో ఎవరి భోజనము వారికి వేరుగా చిన్న బల్లపీటపై వడ్డించు ఆచారముండెడిది. సొబాన్ అను ఆ పీటను గూర్చి 1929లో తకుమి యొక పుస్తకము ప్రకటించెను. నాజు పీట వేరు, హేజు పీట వేరు, తొంగ్యొంగ్ పీట వేరు. కాళ్ల వంపును బట్టి ఒకటి పులికాళ్ల పీట, మరియొకటి కుక్కకాళ్ల పీట. రాజుల సింహాసనములను గూర్చి వ్రాయువారు ఎందరో కలరు. అన్నము పెట్టుకొను పీటను గూర్చి పుస్తకము వ్రాసినవాడు నాకు వేరొకడు కనబడలేదు. ఆతని రెండవ గ్రంథము 1931లో, మరణానంతరము వెలువడెను. అది కొరియా మట్టిపాత్రల పేర్ల సంగ్రహము.

తెలుగు పంతులునగుటచే నాకు ఆ రెండవ గ్రంథముపైననే మక్కువ యెక్కువ. పాత్రను కొనుటకు డబ్బు చాలును. దాని పేరు కావలెనన్న వాడుకొను ఇల్లాలినో, చేసిన కుమ్మరినో అడుగవలెను. అడిగినవాడు ఆ క్షణమున శిష్యుడగును. స్నేహమునకు అంతకంటె మంచి వాకిలి నాకు తెలియదు.

ఆతని మిత్రుడు యనగి సోయెత్సు గొప్ప పండితుడు. 1914లో నొరితక కానుకగా తెచ్చిన యొక చిన్న కొరియా జాడీని చూచియే ఆయన మనస్సు ఆ దేశము వైపు తిరిగినది. 1924లో ఆయనయు అసకవా సోదరులును కలిసి సియోలు రాజప్రాసాదములో కొరియా జానపద కళలకు మ్యూజియము తెరచిరి. కాని కొరియా కళ దుఃఖము నుండి పుట్టిన సౌందర్యమని యనగి వ్రాసెను. కొరియా పండితులు పెక్కురు దానిని తరువాత ఖండించిరి. నాకును ఆ మాట రుచింపదు. పొరుగువాని కుండలో దుఃఖమును వెదకుట కంటె, అందులో ఏమి పోసికొందురో అడుగుట మర్యాద.

తకుమి మంచితనము వలన కొరియా పరాధీనత ఒక్క దినమైనను తగ్గలేదు. 1919లో స్వాతంత్ర్యము కోరి వీథులకెక్కినవారిని తుపాకులతో అణచినది ఏ ప్రభుత్వమో, ఆ ప్రభుత్వపు జీతముతోనే ఆతడు పాత్రలు కొనెను. ఇది మరువరాదు. అయినను 1931 ఏప్రిల్‌లో న్యుమోనియాతో నలువదవ యేట ఆతడు మరణించినప్పుడు, పాడె మోయుటకు కొరియా గ్రామీణులు పోటీపడి ముందుకు వచ్చిరట. 1945లో జపాను పాలన అంతరించినది. ఆతని సమాధి సియోలులోని మాంగూరి కొండపై నేటికిని ఉన్నది.

ఉద్యోగస్థునకు తీరిక యేదియని మనవారందురు. తకుమియు ఉద్యోగస్థుడే. అసలు చిక్కు తీరికలో లేదనియు, అడుగు అలవాటులో నున్నదనియు నా యనుమానము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము రైతుల నోటినుండి సేకరించిన మాటలతో నిండినది. మా కళాశాల గ్రంథాలయములో దానిపై దుమ్ము నేనే దులుపుచుందును. నిరుడు తరగతిలో దుత్తకును బానకును భేదమేమని అడిగితిని. పిల్లలు నవ్విరి. వెనుక వరుసలోని యొక బాలిక మాత్రము లేచి, తన అమ్మమ్మ పాలు దేనిలో కాచునో, నీళ్లు దేనిలో నిలుపునో చేతులతో ఆకారము చూపుచు చెప్పినది. నవ్వినవారిలో ఇద్దరు ఈ యేడు విదేశమునకు వెళ్లుచున్నారు.

ఆ విద్యార్థి జాబునకు నేనింకను బదులు వ్రాయలేదు. తన యింటి క్రింది వీథిలో ఒక ముసలాయన తెల్లవారుజామున రొట్టెలు కాల్చుననియు, ఆ వాసనకే తనకు మెలకువ వచ్చుననియు మరియొక చోట వ్రాసినాడు. పొయ్యిలో రొట్టెను త్రోయు ఆ పొడవాటి చెక్కను అక్కడివారేమందురో కనుగొని నాకు వ్రాయుమని అడుగవలెననుకొనుచున్నాను.