ముందు జక్కయ్యకు చెప్పండి

ఒళ్లు కమిలి పుట్టింటికి చేరిన ఆడపిల్లకు మా సంఘంలో దొరికిన ఓదార్పు ఒక్కటే: "క్షమించమ్మా, ప్రభువు నిన్ను క్షమించలేదా?" ఆ ఆదివారం ఆమెను కొట్టినవాడు మగవాళ్ల వైపు ముందు వరసలోనే కూర్చున్నాడు. ప్రభువు బల్లలో రొట్టె తీసుకున్నాడు. అతణ్ణి పిలిచి ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

ఇది సువార్త కాదు. దెబ్బలు తిన్నవాళ్ల నోట్లో మనం కుక్కుతున్న గుడ్డ.

ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగిన ప్రశ్న, ప్రభువు చెప్పిన లెక్క మన పాస్టర్లందరికీ కంఠతా వచ్చు. మత్తయి 18లో దానికి ఆరు వచనాల ముందు ఏముందో ఎందుకు చదవరు? తప్పు చేసినవాడి దగ్గరికి వెళ్లి గద్దించమని ఉంది. వినకపోతే సాక్షులను తీసుకెళ్లమని, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని, సంఘం మాటా లెక్కచేయకపోతే బయటివాడిగా ఎంచమని ఉంది. ఆ మెట్లన్నీ ఎగ్గొట్టి చివరి భారం మాత్రం బాధితురాలి నెత్తిన పెడుతున్నాం. ఎందుకంటే ఆమెకు చెప్పడం తేలిక. కానుకల పెట్టె నింపే చేతిని నిలదీయడం కష్టం.

సుంకరి జక్కయ్యను చూడండి. ప్రభువు అతని ఇంట్లో అడుగుపెట్టాక అతను కన్నీళ్లతో సాక్ష్యం చెప్పి ఊరుకోలేదు. సగం ఆస్తి బీదలకన్నాడు. అన్యాయంగా గుంజినదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించింది ఆ మాట విన్నాకే. మారుమనస్సు అంటే అది. తిరిగివ్వనివాడి మారుమనస్సు ఒట్టి పెదవుల పనే.

పునరుత్థానం మరీ గట్టిగా ఈ మాటే చెబుతోంది. మరణాన్ని గెలిచిన దేహానికి మేకుల గుర్తులు మాపుకోవడం చేతకాకనా? ఆ గాయాలనే తోమాకు చూపించాడు. జరిగింది మరిచిపోవడమే క్షమ అయితే మొదట తప్పినవాడు ప్రభువే అవుతాడు! మూడుసార్లు ఎరగనన్న పేతురును తిబెరియ సముద్రం ఒడ్డున, మళ్లీ బొగ్గుల మంట పక్కనే, మూడుసార్లు అడిగాడు. ఆ ప్రశ్నలకు పేతురు మనసు నొచ్చుకుంది. అయినా అడిగాడు. గొర్రెలను అప్పగించాడు. నిజమైన క్షమ గాయాన్ని కప్పదు, కడుగుతుంది.

కళ్లెదుట ఉన్న సాక్ష్యం కావాలా? 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు కొడుకులనూ జీపులో సజీవ దహనం చేశారు. పదేళ్ల వాడొకడు, ఆరేళ్ల వాడొకడు. హంతకులను క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ లోకానికి చెప్పారు. కానీ ఆ క్షమను చూపించి కేసు మూసేయమని ఆమె కోరలేదు. బారిపదలో కుష్ఠు రోగుల సేవలో నిలబడ్డారు. చట్టం తన పని తాను చేసింది. అలా క్షమించమని ఆమెను బలవంతపెట్టే అధికారం ఏ పాస్టరుకూ లేదు. అది ఆమె ఇచ్చిన వరం.

ఇప్పుడు మన చుండూరు సంగతి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. వాళ్లలో బైబిలు పేర్లు పెట్టుకున్నవాళ్లున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మృతులను ఊరి నడుమ పాతిపెట్టిన ఆ చోటును జనం రక్తక్షేత్రం అన్నారు. ఆ తల్లుల ముందు నిలబడి "క్షమించండమ్మా" అనడానికి మీకు నోరెలా వస్తుంది? ముందు చంపినవాళ్ల గుమ్మం తొక్కండి. తొక్కే ధైర్యం లేకపోతే ఆ తల్లుల పక్కన మౌనంగా కూర్చోండి.

పునరుత్థాన పండుగనాడు తెల్లవారకముందే సమాధుల తోటకు పోతాం. సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టి ఆయన లేచాడని పాడతాం. ఎవరి సమాధి దగ్గర పాడుతున్నాం? లోకం చంపి, పాతి, రాయి దొర్లించి, ముద్ర వేసి, ఇక మాట్లాడవద్దన్న మనిషిని దేవుడు లేపాడు. ఆ రాయిని దేవుడు తీశాడు. బతికున్న ఆడపిల్ల నోటికి అడ్డంగా, బిడ్డలను పోగొట్టుకున్న తల్లి నోటికి అడ్డంగా క్షమ పేరుతో మళ్లీ ఆ రాయినే దొర్లించేవాళ్లారా, మీరు కాపలా కాస్తున్నది ఎవరి సమాధికి?