తవుడు గేదెకు, తెలుపు మనకు

మన కృష్ణా డెల్టాలో భోజనానికి మరో పేరు అన్నం. ‘అన్నం తిన్నారా?’ అన్నదే మన పలకరింపు. మధుమేహం, ఊబకాయం పెరుగుతున్నకొద్దీ నేరమంతా ఆ అన్నంపైకి నెట్టడం ఇటీవల పరిపాటి అయింది. ఒకరు అన్నం పూర్తిగా మానమంటారు, ఒకరు చిరుధాన్యాలే తినమంటారు, మరొకరు రాత్రిపూట చపాతీలకు మారమంటారు. నా అభిప్రాయం వేరు. చాలామంది అన్నం మానవలసిన పని లేదు. ఏ బియ్యం కొంటున్నాం, ఎలా వండుతున్నాం, కంచంలో దాని పక్కన ఏం పెడుతున్నాం అన్న మూడు విషయాలను సరిచేసుకోవాలి.

ఇందుకు మన ప్రాంత చరిత్రే సాక్ష్యం. గత శతాబ్దపు తొలి దశాబ్దాలలో భారతదేశంలో బెరిబెరి వ్యాధి ప్రధానంగా కనిపించిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలే. థయమిన్ అనే బి1 విటమిన్ లోపించడం వల్ల వచ్చే వ్యాధి ఇది. కాళ్ళు తిమ్మిరెక్కేవి, నీరు పట్టేవి, చివరకు గుండె దెబ్బతినేది. పొరుగున తమిళ ప్రాంతంలోనూ వరి అన్నమే తినేవారు. అయినా అక్కడ ఈ వ్యాధి అరుదు. కారణం వారి ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత మర పట్టినా చాలావరకు నిలిచి ఉంటుంది. మనవారు పచ్చి వడ్లను మరలో తెల్లగా పట్టించి, బియ్యాన్ని పదేపదే కడిగి, ఉడికాక గంజి వార్చేవారు. మిగిలిన కొద్దిపాటి విటమిన్ కూడా ఆ నీటితో పోయేది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగమే క్రమంగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

నేడు బెరిబెరి దాదాపు కనుమరుగైంది. తెలుపుపై మోజు మాత్రం తగ్గలేదు. గింజ పై పొరలోనే పీచు, బి విటమిన్లు, ఖనిజాలు అధికంగా ఉంటాయి. దానిని చెక్కి తవుడుగా గేదెకు పెడుతున్నాం. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి కుడితి తొట్టిలో పోస్తున్నాం. బలమంతా గేదెకు పెట్టి, పిండిపదార్థం మనం ఉంచుకుంటున్నాం!

అందువల్ల కొనేటప్పుడు తక్కువ పాలిష్ పట్టిన బియ్యాన్ని అడగండి. దంపుడు బియ్యం అలవాటు లేనివారు మొదట పావు వంతు కలిపి వండుకోవచ్చు. రెండు గంటలు నానబెడితే మెత్తగా ఉడుకుతుంది. తవుడులోని నూనె వల్ల ఆ బియ్యం త్వరగా ముక్క వాసన వస్తుంది కాబట్టి నెలకు సరిపడా మాత్రమే కొనండి. అయితే దంపుడు బియ్యం మందు కాదు. దాని పేరు చెప్పి రెండింతలు తింటే రక్తంలో చక్కెర పెరగక మానదు.

వండేటప్పుడు ఒకటి రెండుసార్లు కడిగితే చాలు. సరిపడా ఎసరు పోసి అత్తెసరు వండుకోండి. మధుమేహులు గంజి వార్చాలని కొందరు సలహా ఇస్తారు. గంజితో పోయే పిండి కొంతే, దానితోపాటు విటమిన్లూ పోతాయి. అంతకంటే ఒక గరిటె అన్నం తగ్గించుకోవడం మేలు. రేషన్ బియ్యంలో కొద్దిగా తేడాగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారవేయవద్దు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన బియ్యపు పిండి గింజలు. తలసీమియా వంటి వ్యాధులున్నవారు మాత్రం వైద్యుని సలహా తీసుకోవాలి.

ఇక అసలు లోపం కంచంలో ఉంది. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం, అంటే రోజంతా బియ్యమే. కూర నంజుకోవడానికి, పప్పు కలుపుకోవడానికి మాత్రమే! జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు అవసరమైన వ్యక్తికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు ఉండాలి. ఇవి వండక ముందు తూకాలు. మాంసాహారులు పప్పులో కొంత భాగానికి బదులు చేప, గుడ్డు తీసుకోవచ్చు. మన ఇళ్ళలో ఈ లెక్క తలకిందులుగా ఉంది. రాత్రి అన్నం మాని నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు తింటే ధాన్యం పేరు మారింది గాని లెక్క మారలేదు.

మన రైతుకు ఈ సమతుల్యం ఎప్పటినుంచో తెలుసు. వరి కోతకు కొద్ది రోజుల ముందే తడి ఆరని చేలో మినుములు, పెసలు చల్లుతాడు. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ తక్కువ, పప్పులలో అది పుష్కలం. రెండూ కలిస్తేనే ఆహారం నిండుతుంది. కందిపప్పు ధర ఎక్కువైతే పెసలు, బొబ్బర్లు, ఉలవలు ఉన్నాయి. పొట్టు తీయని పెసలతో వేసిన పెసరట్టు, తక్కువ నూనెతో కాలిస్తే, ఎంతో మంచి ఉపాహారం. తోటకూర పప్పుపై నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఆవకాయ, గోంగూర పచ్చళ్ళను నిషేధించమని నేను చెప్పను. కాని రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించరాదు. కూరలో, పప్పులో, పచ్చడిలో, అప్పడంలో ఉన్నదంతా ఆ చెంచాలోకే రావాలి. మజ్జిగన్నంలో ఉప్పు మాని, పచ్చడి వేలి కొసకు పరిమితం చేస్తే రక్తపోటు ఉన్నవారికి మేలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పు, ఆకుకూరల మోతాదును తమ వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

ఖరీదైన డబ్బా ఆహారాలు, విదేశీ గింజలు లేకుండానే ఇదంతా సాధ్యం. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చివరన తినే ఇల్లాలికి, ఆ కూర, పప్పు మిగిలేలా చూడండి. ఆరోగ్యం అక్కడే మొదలవుతుంది.