డబ్బా కొనే ముందు బీపీ చూపించండి

ఇంట్లో కోడలో, కూతురో నెల తప్పిందని తెలియగానే మొదలయ్యే ఖర్చుల జాబితా ఇప్పుడు చాలా పొడవైంది. ప్రొటీన్ పౌడర్ డబ్బా, కుంకుమపువ్వు, పొట్ట మీద చారలు రాకుండా క్రీము, నడుముకు బెల్టు, పడుకోవడానికి పొడవాటి దిండు, ఫోన్లో గర్భసంస్కార్ కోర్సు, బిడ్డ ముఖం చూపించే 4డీ స్కాన్, సీమంతం రోజు ఫొటోషూట్, చివర్లో బొడ్డుతాడు రక్తం దాచే ప్లాన్. ఒకప్పుడు ఇవి హైదరాబాద్ మాటలు. ఇప్పుడు ఆర్డరు పెడితే నారాయణఖేడ్ దాకా వస్తున్నాయి.

వీటిలో ఏదీ కొనొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. తొలి చూలు సంబరం ఎవరికి ఉండదు? నా బాధంతా వరుస గురించే. ముందు చేయాల్సినవి వెనక్కి పోతున్నాయి. చివర్లో చూసుకోవాల్సినవి ముందుకొస్తున్నాయి.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్‌ని. కాన్పులు చేసేది గైనకాలజిస్టులు. గర్భిణులను నా దగ్గరికి పంపేది బీపీ పెరిగినప్పుడు, షుగర్ బయటపడినప్పుడు, థైరాయిడ్ తేడా చేసినప్పుడు, రక్తం బాగా తగ్గినప్పుడు. కొందరి ఫైళ్లలో రంగుల స్కాన్ ఫొటోలుంటాయి, పౌడర్ల బిల్లులుంటాయి. గత నెల బీపీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత అని వెతికితే మాత్రం ఆ గడి ఖాళీగా ఉంటుంది.

ప్రాణం కాపాడే వాటికి ప్రకటనలుండవు

తల్లుల ప్రాణం తీసేవి ప్రధానంగా అధిక రక్తస్రావం, బీపీ పెరిగి వచ్చే ఫిట్స్ (మన పెద్దలు గుర్రపువాతం అనేవారు), ఇన్‌ఫెక్షన్లు. ఒంట్లో రక్తం తక్కువున్న తల్లి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇది పేదిళ్ల సమస్యే అనుకోకండి. కారున్న ఇళ్ల నుంచి వచ్చేవారిలోనూ నేను చూస్తున్నాను.

దీనికి మందు అంత ఖరీదేమీ కాదు. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. రక్తం తక్కువని తేలితే మోతాదు డాక్టరు పెంచుతారు. ఈ మాత్ర ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. ఉచితం కాబట్టే చాలామందికి దానిమీద నమ్మకం లేదు! మలం నల్లగా వస్తోందని, వికారంగా ఉందని వారానికే మానేస్తారు. మలం నల్లబడటం ఐరన్ వల్ల మామూలే. వికారంగా ఉంటే రాత్రి భోజనం తర్వాత వేసుకోండి. టీతో వద్దు. క్యాల్షియం మాత్రతో కలిపి వద్దు, రెండింటికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

ఇక బీపీ. పట్టీ కట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. 140/90 లేదా ఆ పైన ఉంటే అదే రోజు డాక్టరు చూడాలి. తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖానికీ చేతులకూ వాపు కనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దు. షుగర్ కోసం 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష ఉంది. మొదటి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయించాలి.

డబ్బా వెనక్కి తిప్పి చదవండి

'పౌడర్ డాక్టరే రాశారు కదా' అంటారు చాలామంది. నిజమే, రాస్తున్నాం. అడగకపోయినా రాయడం మా వృత్తిలో అలవాటైపోయింది. రాయకపోతే 'ఈ డాక్టరు ఏమీ ఇవ్వలేదు' అనుకునే కుటుంబాలూ ఉన్నాయి. మార్కెట్ ఈ రెండింటి మధ్యే పెరిగింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం, గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకు 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు ప్రొటీన్ అదనంగా కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటుంది. గ్లాసు పాలలో ఇంకో 6. గుప్పెడు పల్లీల్లో 7. కప్పు చిక్కటి కందిపప్పులో మరో 6. గుడ్డు తినని ఇళ్లలో పెరుగు, పెసలు, శనగలు ఉన్నాయి. రోజూ తినే జొన్నరొట్టెకు ఇవి చేరితే చాలు. మొత్తం కలిపినా రోజుకు నలభై రూపాయలు దాటదు. డబ్బా వెనక ఒక మోతాదుకు ఎంత ప్రొటీన్ ఉందో, చక్కెర ఎంత కలిపారో చదివి, ఈ లెక్కతో పోల్చుకోండి. షుగర్ బయటపడ్డ గర్భిణికి తీపి కలిపిన పౌడర్ మేలు కన్నా కీడే చేస్తుంది. వాంతులతో ఏమీ తినలేకపోతున్న వారికి, బరువు బాగా తక్కువున్న వారికి పౌడర్ పనికొస్తుంది. అందరికీ అక్కర్లేదు.

ప్రభుత్వమే 2022 డిసెంబరులో తొమ్మిది జిల్లాల్లో మొదలుపెట్టిన న్యూట్రిషన్ కిట్‌లో పౌడర్ ఇచ్చింది కదా అని మీరు అడగొచ్చు. ఇచ్చింది. అదే కిట్‌లో ఐరన్ సిరప్, నులిపురుగుల మాత్ర కూడా ఉన్నాయి. మనం పౌడర్ ఒక్కటే గుర్తుపెట్టుకున్నాం.

ఆశను అమ్మేవి, భయాన్ని అమ్మేవి

కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ ఎర్రగా పుడుతుందన్నది నిజం కాదు. రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది. చిటికెడు వేసుకుంటే నష్టం లేదు, లాభమూ లేదు. పొట్ట చారలను ఆపుతుందని రుజువైన క్రీము లేదు. పాటలు, శ్లోకాలు వింటే తల్లి మనసు కుదుటపడుతుంది, మంచిదే. వాటికి ఫోన్లో వేల రూపాయల కోర్సు అవసరమా? బిడ్డ మేధావి అవుతుందన్న హామీకి మాత్రం ఆధారం లేదు. 4డీ స్కాన్ చాలావరకు ముచ్చటకే. 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్ అవసరం. డబ్బులు ఒక్కదానికే ఉంటే టిఫాకే పెట్టండి.

వీటన్నిటికన్నా పెద్ద ఖర్చు బొడ్డుతాడు రక్తం దాచడం. వేల రూపాయలు, వాయిదాల్లో. 'రేపు బిడ్డకు ఏమైనా అయితే?' అనే ఒక్క ప్రశ్నతో ఇది అమ్ముడవుతుంది. సొంత బిడ్డ భవిష్యత్తు అవసరం కోసం దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. తలసీమియా లాంటి జబ్బు బిడ్డకు వస్తే, దాచిన కణాల్లోనూ అదే జన్యులోపం ఉంటుంది. ఇంట్లో ఇప్పటికే అలాంటి జబ్బుతో మరో బిడ్డ ఉంటే అది వేరే సంగతి. అప్పుడు నిపుణులను అడిగి నిర్ణయించుకోండి.

సేవల్లో సిజేరియన్‌ను కూడా చెప్పుకోవాలి. పైన చెప్పిన సర్వే ప్రకారమే తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వంలో 44.5 శాతం. మా ప్రభుత్వ ఆసుపత్రుల అంకె కూడా గొప్పగా చెప్పుకునేది కాదు. అవసరమైనప్పుడు సిజేరియన్ ప్రాణదానమే. ముహూర్తం కోసం కోయించుకుంటే మాత్రం ఆ కోత భారం వచ్చే కాన్పులో కూడా తల్లి మీదే ఉంటుంది.

ఫైలు ఒక్కటే ఉండాలి

మన వైపు ఇంకో చిక్కుంది. ఒక స్కాన్ బీదర్‌లో, ఇంకొకటి సంగారెడ్డిలో, రక్తపరీక్ష ఇక్కడ. అత్తగారిల్లు హైదరాబాద్ అయితే, తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వస్తుంది. కాగితాలు సగం అక్కడే ఉంటాయి. అర్ధరాత్రి నొప్పులొచ్చినప్పుడు డ్యూటీ డాక్టరుకు కావాల్సింది బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, బీపీ, షుగర్, గత కాన్పు వివరం. తల్లీబిడ్డల ఆరోగ్య కార్డులో వీటన్నిటికీ గడులున్నాయి. ప్రైవేటులో చూపించుకునేవారు కూడా ఆ కార్డు తీసుకోండి. ఎక్కడ పరీక్ష చేయించినా అందులో రాయించండి. నెలనెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు చేస్తారు. అది పేదవారికే అని ఎక్కడా రాసిలేదు.

ఇంటి పెద్దలకు, ముఖ్యంగా పర్సు చేతిలో ఉన్న మగవాళ్లకు ఒక మాట. బీపీ, రక్తం, షుగర్ పరీక్షలు, టిఫా స్కాన్, ఐరన్, క్యాల్షియం మాత్రలు, రోజూ గుడ్డు, పాలు, పప్పు, కాన్పు రోజుకు బండి, అవసరమైతే రక్తం ఇచ్చే ఇద్దరు మనుషులు... ముందు ఇవి సర్దండి. ఆ తర్వాత డబ్బులు మిగిలితే ఫొటోషూట్ నిరభ్యంతరంగా చేయించుకోండి. ఈ రోజు ఆదివారమే అయితే, ఇంట్లో గర్భిణి ఉంటే, ఫైలు తీసి చివరిసారి బీపీ ఏ తేదీన చూశారో చూడండి. నెల దాటి ఉంటే రేపే బయలుదేరండి.