జరిమానాకు తగ్గింపు కాదు, తరగతి కావాలి

ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను. ఆ తర్వాత మీరు నన్ను తిట్టినా సరే, ఈ వ్యాసం మాత్రం చివరిదాకా చదవండి.

2023 ఫిబ్రవరి. మన హాస్టల్ వార్షికోత్సవానికి రంగు కాగితాలు, మైదాపిండి కొనుక్కురమ్మని నన్ను పంపించారు. ఆదివారం కాబట్టి మా మేనమామ బండి ఇంటి దగ్గరే ఉంది. అడిగితే ఇచ్చాడు. నాకప్పుడు 17 ఏళ్లు. వెనక ఇద్దరు దోస్తులను ఎక్కించుకున్నాను. హెల్మెట్ ఉంది, కానీ అది అద్దానికి వేలాడుతోంది. దుకాణం రోడ్డుకు అవతల పక్క. యూటర్న్ దాకా పోయి రావాలంటే కిలోమీటరు పైనే తిరగాలి. ఎందుకొచ్చిన తిప్పలు అని ఎదురుగా వచ్చే బండ్ల పక్కనుంచే నడిపాను. అక్కడొక పోలీసాయన ఫోటో తీశాడు. మేము ముగ్గురం నవ్వుతూనే వెళ్లిపోయాం.

మన చౌటుప్పల్ వాళ్లకు ఈ రోడ్డు గురించి చెప్పనక్కరలేదు. పెద్దలు ఇప్పటికీ 9వ నంబరు రోడ్డు అంటారు. కాగితాల మీద అది 65. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బండ్లన్నీ మన ఊరి నడుమ నుంచే పోవాలి. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంత పొడవున కార్లు నిలబడతాయో ప్రతి ఏడాదీ టీవీలో చూపిస్తారు. 2012 నాటికి రోడ్డు నాలుగు వరుసలైంది. రోడ్డు వెడల్పయింది గానీ ఊరు మాత్రం రెండు పక్కలా అట్లాగే ఉంది. ఇల్లు ఇటు, దుకాణం అటు.

కొన్ని నెలల తర్వాత తనిఖీలో మా మామను ఆపి, బండి మీద చలానాలున్నాయని ఫోటో చూపించారట. సాయంత్రం నేరుగా హాస్టల్‌కే వచ్చాడు. "ఏందిరా అల్లుడా, నా బండి మీద ఈ ముగ్గురెవలు? పండుగకు పోయినట్టు నవ్వుతుండ్రు!" అన్నాడు. నేను తల వంచుకున్నాను. మామ ఒక ఫ్యాక్టరీలో రోజు కూలి. ఆ డబ్బు వెంటనే కట్టలేదు. ఎవరో "ఆగన్నా, తగ్గింపు వస్తది" అన్నారు.

వాళ్లన్నట్టే వచ్చింది. 2022 మార్చిలో ఒకసారి మన రాష్ట్రంలో ద్విచక్ర వాహనాల పాత చలానాలకు 75 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబరు చివర్లో రెండోసారి 80 శాతం ఇచ్చారు. మామ డబ్బులిచ్చి నన్నే మీసేవకు పంపాడు. వరుసలో నిలబడ్డాను, రసీదు తీసుకున్నాను, అయిపోయింది. ఆషాఢంలో బట్టల దుకాణం ముందు నిలబడ్డట్టే ఉంది.

ఆ వరుసలో నిలబడ్డప్పుడే నాకొక అనుమానం వచ్చింది. తప్పు చేసింది నేను. డబ్బు పోయింది మామది. పాఠం నేర్చుకున్నది ఎవరు? కెమెరాకు బండి నంబరు తెలుస్తుంది గానీ నడిపినవాడు తెలియదు. ఎద్దు చేను మేస్తే దూడకు దెబ్బలన్నట్టు, చలానా యజమాని పేరు మీదికి పోతుంది. ఇక తగ్గింపు వస్తుందని రుచి చూపించాక, కట్టకుండా ఆగినవాడే తెలివిగలవాడు, వెంటనే కట్టినవాడు అమాయకుడు అయ్యాడు. 2017 ఆగస్టులో పాయింట్ల పద్ధతి కూడా తెచ్చారు. రెండేళ్లలో 12 పాయింట్లయితే లైసెన్సు ఏడాదిపాటు సస్పెండ్. అసలు లైసెన్సే లేని నాలాంటివాడికి పాయింట్లు ఎక్కడ వేస్తారు?

నిజానికి నేనా రోజు పట్టుబడి వయసు బయటపడితే సంగతి వేరే ఉండేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. మా మామ జైలుకు! రంగు కాగితాల కోసం! ఇది నాకు లైసెన్సు పరీక్షకు చదువుతున్నప్పుడు తెలిసింది. బండి తాళం అడిగిన రోజు తెలిసి ఉంటే అడిగేవాడినే కాదు.

అందుకే నేననేది, జరిమానాతో పాటు తరగతి పెట్టాలి. ఇది కొత్త ఊహేమీ కాదు. హైదరాబాదులో తాగి నడిపి దొరికినవాళ్లను గోషామహల్‌లోని ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పిలిపిస్తారు. ఇంట్లోవాళ్లను వెంట తీసుకుపోవాలి. కౌన్సెలింగ్ అయ్యాకే కోర్టు. భార్య పక్కన కూర్చుని వినే మాట డబ్బు కంటే గట్టిగా తగులుతుంది. ఇందాక చెప్పిన 2019 సవరణలోనే ఇంకో మాట ఉంది. అనర్హత వేటు పడ్డ లైసెన్సు గడువు తీరాక తిరిగి చేతికి రావాలంటే రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలి. అంటే చదువుకోవాలన్న సంగతి చట్టానికీ తెలుసు. కానీ లైసెన్సు పోయినవాడికి మాత్రమే చెప్తోంది.

మన సీనియర్ అన్న ఒకాయన అమెరికాలో కాలిఫోర్నియాలో ఉన్నాడు. ఆయన వేగంగా నడిపి దొరికితే జరిమానా పూర్తిగా కట్టి, పైగా ఫీజు కూడా కట్టి, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ట్రాఫిక్ స్కూలు పాఠాలు చదివి పరీక్ష రాశాడట. అట్లా చేస్తే రికార్డులో ఆ పాయింటు ఇన్సూరెన్సు వాళ్ల కంట పడదు. ఈ అవకాశం 18 నెలలకు ఒక్కసారే. అక్కడ డబ్బు తగ్గదు, చదివినవాడికి రికార్డు కాపాడబడుతుంది. మనదగ్గర చదువు లేదు, డబ్బు తగ్గుతుంది.

"ఆన్‌లైన్ అంటే తమ్ముడు బటన్ నొక్కుతాడు, అన్న నిద్రపోతాడు" అని మా గదిలోనే ఒకడు ఎగతాళి చేశాడు. నిజమే. కాబట్టి పాఠం ఫోన్లో విన్నా, చివరి పది ప్రశ్నలు మాత్రం స్టేషన్‌లోనో మీసేవలోనో ముఖాముఖి అడగాలి. చదువురాని మా మామలాంటి వాళ్లకు తెలుగులో గొంతుతో వినిపించాలి. కూలి పోకుండా రాత్రిపూట పెట్టాలి. ఫోను లేనివాళ్లు మన హాస్టల్లోనే చాలామందిమి ఉన్నాం, వాళ్లనూ గుర్తుపెట్టుకోవాలి.

పాఠంలో బోర్డు గుర్తులొక్కటే చెప్తే మాత్రం లాభం లేదు. నేను వచ్చిన లెక్కతో చేసి చూసుకున్నాను. ఎదురుగా వచ్చే లారీ గంటకు 80 కిలోమీటర్లు, ఎదురు వెళ్లే నా బండి 40. రెండూ కలిస్తే 120. అంటే సెకనుకు 33 మీటర్లు. వంద మీటర్ల దూరంలో కనబడ్డ లారీ మూడు సెకన్లలో నా మీద ఉంటుంది. మన తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో ఈ లెక్కంతా ఉంది. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి నాకు. రోడ్డు మీద మాత్రం గుర్తుకు రాలేదు.

ప్రభుత్వం ఎప్పుడు పెడుతుందో గానీ, మనం ఆగనవసరం లేదు. వార్డెన్ సార్ ఒక ఆదివారం స్టడీ అవర్‌లో గంట ఇస్తే చాలు. స్టేషన్ నుంచి ఎవరినైనా పిలుద్దాం. ఉపన్యాసం తయారుచేసుకుని రానక్కరలేదు, మన రోడ్డు మీద తీసిన ఫోటోలు తెస్తే సరిపోతుంది. పాతవి వెతికితే అందులో నాదీ ఉంటుంది.